అండమాన్ ప్రయాణంలో వాన రోజుకూ చోటుండాలి

సంపాదకులకు నమస్కారం.

‘అండమాన్ సముద్రంలో అల్పపీడనం’ అన్న వార్త చూడగానే చెన్నైలో ఉన్న మనం వేసుకునే లెక్క ఒకటే: అది ఇక్కడికి ఎన్ని రోజుల్లో వస్తుంది, బడులకు సెలవిస్తారా, వేళచ్చేరిలో నీళ్లు నిలుస్తాయా అని. సెలవులకు అండమాన్ టికెట్లు కొనుక్కున్న ఇంట్లో మాత్రం ఆ వార్తకు అర్థం వేరు. ఇక్కడ మబ్బయినా పట్టకముందే అక్కడ బోట్లు ఆగిపోతాయి. పత్రికల ప్రయాణాల పేజీల్లో అక్కడి రాధానగర్ బీచ్ అందాల గురించి చాలాసార్లు చదివాం. వాన పట్టిన రోజు పిల్లాపాపలతో అక్కడ ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం అందుకే.

ఆ దీవులకు రెండు రుతుపవనాలూ వానలిస్తాయి. నైరుతి మే మూడో వారానికే అక్కడికి చేరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వాయుగుండాలు. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్లు, అంటే చెన్నైకి రెట్టింపు పైనే. జూన్‌లో ఇక్కడ ఎండ మండుతోంది కదా అని అక్కడా అంతే అనుకోకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వెళ్లేవాళ్ల సంగతి వేరు. మిగతా నెలల్లో ఆరు రోజుల ప్రయాణమంటే అందులో ఒక రోజు వానదే అని ముందే రాసిపెట్టుకోవాలి.

ఆ రోజును ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. చాలా ప్యాకేజీల్లో దిగిన రోజే సెల్యులార్ జైలు చూపిస్తారు, తర్వాత హావ్‌లాక్, నీల్ దీవులు తిప్పుతారు, చివరి సాయంత్రం బోటులో పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చి తెల్లారి విమానం ఎక్కిస్తారు. (పేర్లు మారాయి. 2018లో ఆ దీవులు స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అయ్యాయి, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. పాత పేర్లు ఇంకా వాడుకలో ఉన్నాయి కాబట్టి రెండూ గుర్తుంచుకోవాలి.) చివరి రోజు గాలివాన వస్తే బోటు ఉండదు, విమానం తప్పుతుంది. పైగా వానలో చూడదగ్గవన్నీ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటే, వాటి కోసం ఎండ కాసిన పూటను ఖర్చు చేసేశారు. దిగిన వెంటనే లేదా మర్నాడే దీవులకు వెళ్లిపోయి, తిరుగు విమానానికి ముందు ఒక పూర్తి పగలు, రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా తిప్పి రాయించుకోండి. చెన్నైలో దిగిన మర్నాడే ఆఫీసు, పరీక్ష పెట్టుకోకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు మన విమానాశ్రయమే మూతపడింది. డబ్బు కట్టేముందు ఏజెంటును ఒక మాట అడగండి: బోటు రద్దయితే ఆ రాత్రి గది అద్దె ఎవరు భరిస్తారు? జవాబు కాగితం మీద ఉండాలి.

రేవులో 3వ నంబరు హెచ్చరిక (గాలివాన సూచన) ఎగరేశారంటే రాస్ ఐలాండ్, ఎలిఫెంట్ బీచ్ వైపు వెళ్లే చిన్న బోట్లు ముందుగా ఆగుతాయి, గాలి ముదిరితే దీవుల మధ్య తిరిగే పెద్ద బోట్లు కూడా. ఆకాశం ఒక్కటే చూసి మోసపోవద్దు. వాన వెలిసినా, దూరాన ఉన్న తుపాను రేపిన అలలు ఒకటి రెండు రోజులు తగ్గవు. అలల ఎత్తు అంచనాలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇస్తుంది, ముందు రాత్రే చూసుకోవచ్చు. జెట్టీ దగ్గర తెలుగులో అడిగినా చెప్పేవాళ్లు దొరుకుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలున్నాయి. సముద్రం విషయంలో వాళ్ల మాటే గట్టిది.

ఇక పోర్ట్ బ్లెయిర్‌లో గడిపే ఆ పూర్తి పగలు. గడియారం మనదే అయినా అక్కడ పొద్దు చెన్నై కంటే దాదాపు 50 నిమిషాలు ముందు గూకుతుంది. డిసెంబరులో ఐదింటికే. మబ్బుంటే నాలుగున్నరకే మసక. అందుకని ఏడింటికల్లా టిఫిన్లు ముగించాలి. సెల్యులార్ జైలుకు వాన అడ్డం కాదు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడంలో ఏడు వరసలకు మూడే మిగిలాయి, గదుల ముందంతా కప్పున్న వసారాలే. ఒక ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడకుండా, ఒక వరస ముందుభాగం పక్క వరస వీపును చూసేలా కట్టారు. కాకినాడ బాంబు కేసులో శిక్ష పడ్డ విప్లవకారుడు ప్రతివాది భయంకరాచారి ఉన్న జైలు ఇదేనని పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి. రెండు గంటలైనా ఉండాలి. సాయంత్రం జరిగే లైట్ అండ్ సౌండ్ ప్రదర్శన మాత్రం ఆరుబయట, దాన్ని వాన రోజుకు పెట్టుకోవద్దు. మధ్యాహ్నం చాతం అనే చిన్న దీవిలోని రంపపు మిల్లు. 1883 నాటిది, వంతెన దాటి వెళ్లాలి. పడౌక్ అనే చెట్టు దుంగలు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గొయ్యి ఉన్నాయి. చాలామంది వదిలేస్తారు గానీ జైలు తర్వాత చూడాల్సింది అదే. నౌకాదళం వారి సముద్రిక మ్యూజియం, ఆదివాసుల మ్యూజియం కూడా ఉన్నాయి. సెలవు రోజులు ఒక్కోదానికి ఒక్కోటి, ముందే కనుక్కోవాలి.

దీవిలోనే వాన పట్టుకుంటే స్నార్కెలింగ్‌కు (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి అడుగు చూడడానికి) డబ్బు కట్టకండి. కొండల మీది మట్టి కొట్టుకొచ్చి నీరు కలక బారుతుంది, పగడాలు కనబడవు. ఇంకో రోజుకు మార్చమనండి. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి పాటు వేళ (నీరు వెనక్కి తగ్గినప్పుడు), ఉరుము లేనప్పుడు వెళ్లొచ్చు, రాళ్లు జారతాయి గనక రబ్బరు అడుగు బూట్లతో. ఉరుము వినబడితే ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఒడ్డుకు పోవద్దు. గాలిలో కొబ్బరిచెట్ల కింద నిలబడొద్దు. వాగులు సముద్రంలో కలిసేచోట మొసళ్ల భయం ఉంది. బురదనీళ్లలో ఎలుక జ్వరం క్రిములుంటాయి, కాలికి గాయముంటే అసలు దిగొద్దు. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి. గాలివాన తర్వాత ఒడ్డున పగడాల ముక్కలు, శంఖాలు చాలా పడతాయి. పిల్లలను ఏరనివ్వకండి. చచ్చిన పగడమైనా వన్యప్రాణి చట్టం కిందికే వస్తుంది, విమానాశ్రయంలో సంచులు తెరిపిస్తారు.

సముద్రపు నీటిలో తడిసిన బట్టలను ముందు మంచినీళ్లలో జాడించాలి. గాలిలోని తేమను ఉప్పు లాగుతుంది, జాడించకపోతే మూడు రోజులైనా ఆరవు. ఐదు మీటర్ల తాడు, పది క్లిప్పులు పట్టుకెళ్లి, గదిలో కట్టి, ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి ఫ్యాను వేయండి. బూట్లలో పాత పేపర్లు కుక్కి రెండు గంటలకోసారి మార్చాలి. గొడుగు గాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటే మేలు. ఏసీ గదిలోని కెమెరాను జిప్ కవరులోనే బయటికి తెచ్చి అరగంట ఆగి తీయండి, లేకపోతే అద్దం మీద ఆవిరి పడుతుంది. చేతిలో కొంత నగదు ఉంచుకోండి. ఫోను సిగ్నలు పోయిన పూట పిల్లలకు అష్టాచెమ్మా నేర్పొచ్చు: ఒక సుద్దముక్క, ఒకవైపు అరగదీసిన నాలుగు చింతపిక్కలు చాలు.

సంపాదకులకు ఒక విన్నపం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వాతావరణం పక్కనే రోజూ నాలుగు పంక్తుల్లో పోర్ట్ బ్లెయిర్ వాన, అలల ఎత్తు, రేవు హెచ్చరిక నంబరు, సూర్యాస్తమయ సమయం వేయండి.

— ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై