కొండదారుల పటాల్లో ఎత్తు కూడా ఉండాలి

అయ్యా,

కొండ ప్రాంతాల గ్రామీణ రోడ్లపై సైకిల్ యాత్రలకు వేసే పటాలు దూరాన్ని మాత్రమే చెప్పి, ఎక్కవలసిన ఎత్తును వదిలేయడం బాధ్యతారాహిత్యమని నా అభిప్రాయం. చదునైన నేలమీద 40 కిలోమీటర్లు ఒక పూట పని. అదే దూరంలో 1,000 మీటర్ల ఎక్కుడు ఉంటే, అలవాటు లేనివారికి రోజంతా పట్టవచ్చు.

సగటు వాలు ఒక్కటే చెప్పినా చాలదు. 5 శాతమని (అంటే ప్రతి 100 మీటర్లకు 5 మీటర్ల ఎత్తు అని) రాసిన దారిలో, నడుమ చదును భాగాలుంటే, మిగిలినచోట 10 శాతానికి మించిన నిటారు మలుపులు దాగి ఉండవచ్చు. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ పర్వతాల అనేక కనుమదారుల్లో, శిఖరానికి మిగిలిన దూరాన్నీ రాబోయే కిలోమీటరు సగటు వాలునూ తెలిపే గుర్తురాళ్లు సైకిలిస్టుల కోసమే నిలిపి ఉంచారు. ఈ పద్ధతి అన్ని కొండదారులకూ రావాలి.

దిగుడు మరింత ప్రమాదకరం (దీన్ని చాలామంది విశ్రాంతిగా భావిస్తారు). ఎడతెగకుండా బ్రేకు పట్టుకుంటే చక్రపు అంచులు వేడెక్కి ట్యూబు పేలవచ్చు. కంకర పేరుకునే మలుపుల్లో చక్రం జారిపోవచ్చు కూడా. కనుక పొడవైన దిగుళ్లనూ అలాంటి మలుపులనూ పటాల్లో తప్పక గుర్తించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక సైకిల్ యాత్రికుడు