చారిత్రక నవలలకు పటం, కాలపట్టిక కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

పదిహేనవ శతాబ్దంలో వలాకియాను (నేటి రుమేనియాలోని ఒక ప్రాంతం) ఏలిన మూడవ వ్లాద్‌ను రక్తపిశాచిగా చిత్రించిన ఒక ఆంగ్ల చారిత్రక నవలను మూడు నెలలుగా చదువుతున్నాను. ఆరు వందల పైచిలుకు పుటల్లో ఇప్పటికి సగం కూడా దాటలేకపోయాను. కథ నచ్చక కాదు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను జయించిన ఆటోమన్ సుల్తాను రెండవ మెహ్మద్, 1462లో ఆయన శిబిరంపై వ్లాద్ జరిపిన రాత్రి దాడి, వ్లాద్ సమాధి ఉందని చెప్పుకొనే స్నాగోవ్ సరస్సు నడుమ మఠం, ఇవన్నీ నన్ను గట్టిగా పట్టుకున్నాయి. అయితే కథ ఒక తరం నుంచి మరో తరానికి మారినప్పుడల్లా, నా చేతిలోని ప్రతిలో పటమూ కాలపట్టికా లేకపోవడంతో, ఎవరు ఏ కాలంవారో తేల్చుకోవడానికి పది పుటలు చదివి ఇరవై పుటలు వెనక్కి తిరగవలసి వస్తోంది.

విజయనగరంవాళ్లకు 1757 నాటి బొబ్బిలి యుద్ధాన్ని ఎవరూ పటం గీసి చూపనక్కరలేదు. బుర్రకథలో తాండ్ర పాపారాయుడి పేరు వినగానే కోట, డేరా, కత్తి కళ్లముందు నిలుస్తాయి. వలాకియా విషయంలో మనకు ఆ ఆసరా లేదు. నవల నిడివికన్నా ఈ లోటే పాఠకులను ఎక్కువగా అలసటకు గురిచేస్తుందని నా అభిప్రాయం. నెత్తురు తాగే సన్నివేశాలు భయపెట్టాయి గాని, చదువు ఆపించలేదు.

ఇటువంటి నవలలను తెలుగులోకి తెచ్చే ప్రచురణకర్తలు మొదటి పుటల్లోనే పటం, పాత్రల పరిచయం, సంవత్సరాల వరుస చేర్చాలని, గ్రంథాలయాలు పెద్ద పుస్తకాలకు గడువు పెంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయనగరం