కాటన్ ముక్కలు పారేయకండి

సంపాదకుల వారికి,

కంచరపాలెంలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి రేకులు ఎగిరిపోయి, కుట్టుమిషను నీళ్లలో నానింది. పక్కింటి మెకానిక్ తుప్పు వదిలించి, నూనె పోసి మళ్లీ తిప్పాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆయన గుడికెళ్తాడు, నేను చర్చికెళ్తాను.

ఆ నెలలోనే బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చదువుతూ దొర్కా అనే ఆమె కథ దగ్గర ఆగిపోయాను. యొప్పే ఊళ్లో ఆమె చనిపోతే, విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు యేసు శిష్యుడు పేతురుకు చూపించారు. ప్రసంగాలు కాదు, బట్టలు! కుట్టుపని కూడా దేవుడి లెక్కలోకి వస్తుందని అప్పుడు తట్టింది.

అప్పట్నుంచి మిగిలిన ముక్కలతో పసిపిల్లలకు జుబ్బాలు కుట్టి, కేజీహెచ్ పెద్దాసుపత్రికి కాన్పుకొచ్చే పేదవాళ్లకు ఇస్తున్నాను. కుట్టు లోపలికుంటే పసి ఒళ్లు ఒరుసుకుపోతుంది. అందుకే మడత పైకి తీసి, దాని మీద రంగుదారంతో చిన్న పువ్వు వేస్తాను. ఆ పువ్వు దగ్గర కూర్చుంటే టైమే తెలీదు. పొయ్యి మీద అన్నం మాడిందని మా అమ్మాయి తిడుతుంది కూడా.

టైలరన్నలకు ఒక్క మనవి. కాటన్ ముక్కలు చెత్తబండిలో వేయకండి. ఓ సంచిలో పెట్టి ఉంచి, మీ వీధిలో మిషనున్న ఆడవాళ్లు అడిగితే ఇవ్వండి. పాలిస్టర్ మాత్రం వద్దు, పిల్లలకు చెమట పీల్చదు.

- ఓ టైలరమ్మ, కంచరపాలెం, విశాఖపట్నం