మలుపులో ఆగి ఫొటోలా?
కాలిఫోర్నియాలో స్మిత్ నది వెంట సాగే 199వ నంబరు హైవే అందాలను వర్ణించిన మీ ప్రయాణ కథనం, అక్కడ బండి ఎలా నడపాలో ఒక్క ముక్క చెప్పలేదు. ఆ దారి చాలాచోట్ల రెండే వరుసలు. ఓ పక్క కొండరాయి, మరో పక్క కింద నది. నీళ్ల రంగు చూడగానే కొందరు మలుపులోనే బ్రేకు వేసి, రోడ్డు వైపు తలుపు తెరిచి ఫోన్లు పైకెత్తడం కళ్లారా చూశాను. వెనక దుంగల లారీ వస్తే అది ఎటు పోవాలి? నెమ్మదిగా వెళ్లే బండి వెనక 5 లేదా అంతకు మించి వాహనాలు చేరితే, పక్కన కేటాయించిన జాగాలోకి తప్పుకోవాలని ఆ రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఈ సంగతి అద్దె కారు తాళాలిచ్చేటప్పుడే చెప్పాలి. నది కనిపించే మలుపులకు చాలా ముందే ఆగే చోటు ఎంత దూరమో తెలిపే బోర్డులు ఉండాలి. ఇలాంటి కథనాల పక్కన మీరూ ఆ నిబంధనను ఓ బాక్సులో వేయండి.