ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఉన్న అమ్మలుకి

చి. అమ్మలుకి, నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. పరీక్షలేమో అని నేను సరిపెట్టుకున్నాను గానీ మీ అమ్మకే నిద్ర లేదు. నిన్న చిన్నత్త వచ్చి, "అమ్మలు క్లాసులు మానేసి ఏవో మీటింగులకు తిరుగుతోందని బుజ్జిగాడు చెప్పాడు" అంది. నేను నమ్మలేదు. శనివారం మీరంతా కూర్చుని ఫిలిప్పీన్స్ చరిత్ర చదువుకునేదే కదా, వాడు మీటింగు అన్నది?

పోయినసారి నువ్వు చెప్పిన మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. అక్కడివాళ్ల భాషలో గురో అంటే టీచరు, ముఖా అంటే ముఖం, ఆసా అంటే ఆశ! స్పెయిన్ వాళ్లు 333 ఏళ్లు ఏలి, తమ ఫిలిప్ రాజు పేరే దేశానికి పెట్టినా ఆ మాటలు చెరిగిపోలేదు. చింతపండుతో సినిగాంగ్ అనే పులుసు కాస్తారన్నావుగా, అది తిను. రోజూ నూడుల్స్ తినకు.

నాన్నమ్మకు శుక్లం ఆపరేషన్ అయింది. ముందురోజు రాత్రి దాకా "నేను రాను, ఈ చూపు చాలు" అని మంచం దిగలేదు. అప్పుడు నువ్వు చెప్పిన రిజాల్ కథ, అదే ఆ దేశపు జాతీయ వీరుడి కథ, చెప్పాను. తల్లికి చూపు మందగిస్తోందని ఒక కొడుకు సముద్రాలు దాటి వెళ్లి కంటి వైద్యం చదివాడనీ, తర్వాత తన చేత్తోనే ఆమెకు ఆపరేషన్ చేశాడనీ. నాన్నమ్మ లేచి కూర్చుంది. "ఆ తల్లికి చూపొచ్చిందా?" అంది. వచ్చింది గానీ, రెండో కంటికి చేసినప్పుడు చెప్పిన మాట వినకుండా కట్టు విప్పేసి ఇబ్బంది తెచ్చుకుందని చెప్పాను. అంతే. పొద్దున్నే స్నానం చేసి గుమ్మంలో నిలబడింది. ఆపరేషనయ్యాక రాత్రి రెండుసార్లు లేచి చూశాను, దురద పుడుతున్నా రెండు చేతులూ దుప్పటి కింద పెట్టుకుని పడుకుంది. "తర్వాత ఆ పిల్లాడు ఏమయ్యాడు?" అని రోజూ అడుగుతోంది. నేను చెప్పలేదు.

1896 డిసెంబరు 30న, 35 ఏళ్లకే అతణ్ని స్పెయిన్ వాళ్లు కాల్చి చంపారని ఆవిడకు ఎలా చెప్పను? డాక్టరే కదా, వాళ్ల పాలనను తప్పుబడుతూ నవలలే కదా రాశాడు. ఆ మాట చెబుతున్నప్పుడు నీ గొంతు మారింది అమ్మలూ. అప్పట్నుంచి నాకదే టెన్షన్.

చదవొద్దని అనడం లేదు. 1956లో చట్టం చేసి మరీ అక్కడి పిల్లల చేత రిజాల్‌ని చదివిస్తున్నారంటే అది మంచి చదువే. కానీ వీసా మీద ఉన్నదానివి. ఊరేగింపులనీ, సంతకాలనీ ఎవరు పిలిచినా వెళ్లకు. ఇక్కడికొచ్చాక, విదేశాల్లో డాక్టరు చదివినవాళ్లు రాసే ఎఫ్ఎంజీఈ పరీక్షలో 300కి 150 రావాలి. శనివారం రెండు గంటలు చరిత్రకిస్తే ఆదివారం అనాటమీకివ్వు. రాత్రిపూట ఒక్కదానివే హాస్టల్‌కి నడవకు. నీ స్నేహితురాలి చేత పంపిన గోంగూర సీసా మూత బిగించే పెట్టాను, నూనె కారిందేమో చూడు. తలకు నూనె రాసుకుంటున్నావా?

నాన్నమ్మకు నాలుగు పూటలా చుక్కలు నేనే వేస్తున్నాను. కథలో మిగతాది నా నోట రావడం లేదు. నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఎనిమిదింటి దాకా మెలకువగానే ఉంటుంది.

మీ నాన్న