విచారణ విశ్వాసుల సంఘం: 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ వందనములు.

ఈ సంవత్సరం మన విచారణలో (ఒక కతోలిక గురువు ఆధ్వర్యంలోని మన దేవాలయ సమాజంలో) జరిగిన ప్రతి పనిమీదా గురువుల మార్పు ప్రభావం పడింది కనుక, ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాము. చాలాకాలంగా మన మధ్య ఉన్న విచారణ గురువులు పీఠాధిపతుల (బిషప్ గారి) ఉత్తర్వు మేరకు మరొక విచారణకు వెళ్లారు. కొంతకాలం విచారణ గురువు లేకుండానే గడిచింది. ఆ తరువాత వచ్చిన గురువులు మన విచారణతో పాటు పొరుగు విచారణ బాధ్యతను కూడా మోస్తున్నారు.

బదిలీ వార్త తెలిసిన వెంటనే, సంతకాలు సేకరించి పీఠాధిపతులకు విన్నపం పంపాలని కొందరు సభ్యులు గట్టిగా కోరారు. కార్యవర్గం అందుకు అంగీకరించలేదు. విచారణ గురువుకు స్థిరత్వం ఉండాలని 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో 522వ నియమం చెబుతున్న మాట నిజమే అయినా, ఆత్మల మేలు కోసం గాని శ్రీసభ అవసరం కోసం గాని బదిలీని ప్రతిపాదించే అధికారాన్ని 1748వ నియమం పీఠాధిపతులకే ఇచ్చింది. వెళ్లే గురువులు తామే సమ్మతించిన తరువాత మనం సంతకాలు పోగుచేస్తే, వచ్చే గురువులను గుమ్మంలోనే నిలదీసినట్టవుతుందని కార్యవర్గం భావించింది.

గురువు లేని కాలంలో పీఠాధిపతులు తాత్కాలిక బాధ్యతకు నియమించిన నిర్వాహక గురువులు వీలైనన్ని ఆదివారాలు వచ్చి దివ్యబలిపూజ (అప్పం, ద్రాక్షరసాలతో గురువు మాత్రమే సమర్పించే ప్రధాన ఆరాధన) సమర్పించారు. వారు రాలేని ఆదివారాలలో మన ఉపదేశి (సత్యోపదేశం బోధించే, గురువు కాని విశ్వాసి) గారు బైబిలు పఠనాలతో, ప్రార్థనలతో సాగే వాక్యారాధన నడిపించారు. ఇటువంటి ఆరాధనల కోసం రోమునుండి 1988లో వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, గురువు కాని వ్యక్తి పూజ నడిపించే గురువు ఆసనంలో కూర్చోరాదు. ఆ నియమాన్ని ఎవరూ గుర్తుచేయకముందే ఉపదేశి గారు బలిపీఠం మెట్లకు దిగువన, గాయకబృందం వైపు ఒక మామూలు కుర్చీ వేయించుకున్నారు. ముందటి పూజలో సమర్పించి మందసం అనే పవిత్ర పెట్టెలో భద్రపరచిన దివ్యసత్ప్రసాదాన్నే (పవిత్రపరచిన అప్పాన్నే), అందుకు అనుమతి పొందినవారు పంచారు. ఇది దివ్యబలిపూజకు సాటి కాదన్న సంగతి అందరికీ తెలిసిందే. కాని గురువు రాలేదన్న కారణంగా ఆదివారం నాడు దేవాలయానికి తాళం వేసి ఉండటం కంటే, వాక్యం చుట్టూ కూడిరావటమే మేలని 1248వ నియమం కూడా సూచిస్తున్నది.

ఇదే కాలంలో ఒక వివాహం విషయమై కొంత కంగారు కలిగింది. పెండ్లి కుమార్తె బంధువైన గురువు చేత వివాహం జరిపించాలని ఆ కుటుంబం శుభలేఖలు కూడా పంచింది. విచారణ గురువు గాని, పీఠాధిపతులు గాని, లేక వారినుండి అధికారం పొందిన గురువు గాని ఇద్దరు సాక్షుల సమక్షంలో జరిపిస్తేనే సాధారణంగా వివాహం చెల్లుతుంది. నిర్వాహక గురువులు సకాలంలో ఆ అధికారం ఇవ్వటంతో అంతా సవ్యంగానే ముగిసింది. ఇకమీదట ముహూర్తం ఖాయం చేసుకునే ముందే ఈ సంగతి కనుక్కోవాలని సభ్యులను కోరుతున్నాము.

ఏప్రిల్ 21న, పాస్కా (ఈస్టర్) పండుగ మరునాడు, ఫ్రాన్సిస్ జగద్గురువులు (పోపు) పరమపదించారు. మే 8న 14వ లియో జగద్గురువులు ఎన్నికయ్యేవరకు పూజ మధ్యలో గురువు చెప్పే కృతజ్ఞతా ప్రార్థనలో జగద్గురువుల పేరు పలికే చోట పేరేమీ లేకుండానే పూజ సాగింది. మన చిన్న సమూహంలో పిల్లలు సైతం ఆ ఖాళీని గమనించి ఉపదేశి గారిని అడగటం సంతోషకరం.

కొత్త గురువులు బాధ్యత స్వీకరించే ముందు, 1283వ నియమం కోరినట్టు విచారణ ఆస్తుల జాబితా తయారైంది. పూజాపాత్రలు, పూజావస్త్రాలు, గంటలు, భూమి పత్రాలు ఒక్కొక్కటిగా చూసి రాసుకున్నాము. లోపలి బంగారు పూత అరిగిపోయిన ఒక పాత పాత్ర అప్పుడే బయటపడింది. దానికి మళ్లీ పూత వేయించవలసి ఉన్నది. జ్ఞానస్నాన (బాప్తిస్మ) పుస్తకాలను చూసినప్పుడు మాత్రం ఎక్కువ సమయం పట్టింది. ప్రతి పేరు పక్కనా అంచులో ఆ వ్యక్తి భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరచే తైలాభిషేకం), వివాహం వంటి వివరాలు తరువాతి గురువులు చేర్చుతూ రావాలి. మన పుస్తకాలలో ఒక్కొక్క గురువు దస్తూరీ, ఒక్కొక్క రంగు సిరా కనిపిస్తాయి. కొందరు పూర్తిగా రాశారు, కొందరు తేదీ మాత్రమే వేసి వదిలేశారు. వేరే విచారణలో వివాహమాడిన మనవారి వివరాలు చాలావరకు చేరనే లేదు. జ్ఞానస్నాన పత్రం ఈ అంచు రాతల ఆధారంగానే ఇస్తారు కనుక, గురువులు మారే సంఘంలో ఇంతకంటే ముఖ్యమైన ఆస్తి మరొకటి లేదని కార్యవర్గం అభిప్రాయం.

ఆదివారం పూజ వేళ మారటంపై వచ్చిన ఫిర్యాదులను గురువులకు నివేదించాము. ఒకే గురువు రెండు దేవాలయాలలో పూజ చేయవలసి వచ్చినప్పుడు ఏదో ఒక విచారణవారు వేళ సర్దుకోక తప్పదు. రెండు విచారణలు ఆరు నెలలకొకసారి వేళలు మార్చుకోవాలన్న మన ప్రతిపాదనను విచారణ మండలి పరిశీలిస్తున్నది. మండలిది సలహా మాత్రమే, నిర్ణయం గురువులదే. విచారణ గురువులు ప్రతి ఆదివారం తమ ప్రజలకోసం ఒక పూజ సమర్పించవలసి ఉంటుందనీ, రెండు విచారణలున్నా ఆ ఒక్క పూజ అందరికీ చెందుతుందనీ 534వ నియమం చెబుతున్నది. పూజ ఏ దేవాలయంలో జరిగినా మనం అందులో ఉన్నట్టే.

జూబిలీ సంవత్సర ప్రార్థనలు, సత్యోపదేశ తరగతులు, తపస్సుకాల (పాస్కాకు ముందటి ఉపవాస దినాల) సిలువమార్గం ఎప్పటిలాగే జరిగాయి. కానుకల జమాఖర్చులను ఆర్థిక మండలి పరిశీలించింది. ఆ పట్టిక దేవాలయ ప్రకటనల బల్లపై ఉన్నది.

మంచం పట్టినవారి, వృద్ధుల ఇళ్ల జాబితాను కొత్త గురువులకు అందజేశాము. అందులో తమవారి పేరు లేనివారు, అలాగే వేరే విచారణలో వివాహమైన తమ పిల్లల వివరాలు పుస్తకంలో చేరవలసినవారు, వివాహ పత్రం నకలుతో ఉపదేశి గారిని కలవగలరు.

కార్యదర్శి,
విచారణ విశ్వాసుల సంఘం