తండ్రీకొడుకులను ఒక్కరిని చేసేశారు!

సంపాదకులకు,

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో నెపోలియన్ యుద్ధాల వ్యాసం వచ్చింది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. వేయలేదు కాబట్టి రాస్తున్నాను.

ఆ వ్యాసంలో కెల్లర్‌మాన్ అనే ఒకే ఫ్రెంచి సేనాని 1792లో ఫ్రాన్స్‌లోని వాల్మీ దగ్గర ప్రష్యా సేనను ఆపాడు, 1800లో ఇటలీలోని మారెంగోలో ఆస్ట్రియన్ల మీదికి గుర్రాలు ఉరికించాడు, 1815లో బెల్జియంలోని కాత్ర్ బ్రాలో ఇంగ్లీషువాళ్ల 69వ రెజిమెంటు జెండా లాక్కొచ్చిన రౌతులను నడిపాడని రాశారు. కానీ వాళ్లు ఇద్దరు, తండ్రీకొడుకులు. వాల్మీలో ఉన్నది తండ్రి. 1735లో పుట్టాడు. మీ లెక్క ప్రకారం కాత్ర్ బ్రాలో 80 ఏళ్ల పెద్దాయన, తన గుర్రం చచ్చిపడితే, ఇద్దరు రౌతుల గుర్రాల కళ్లేలు పట్టుకుని వేలాడుతూ బయటపడ్డాడన్నమాట! మా వీధిలో ఆ వయసు ఆయనకు అరుగు దిగడానికే ఇద్దరు సాయం కావాలి. మారెంగో, కాత్ర్ బ్రా రెండూ కొడుకు ఫ్రాన్స్వా ఎత్యెన్‌వి.

మారెంగో అయితే మరీ అన్యాయం. జూన్ 14 మధ్యాహ్నానికి ఫ్రెంచివాళ్లు ఓడినట్టే. గెలిచేశామనుకుని ఆస్ట్రియా సేనాని మెలాస్, తరిమే పని తన కింది అధికారి జాక్‌కు అప్పజెప్పి అలెస్సాండ్రియా వెళ్లిపోయాడు. సాయంత్రం ఫ్రెంచి సేనాని దెసే తన దళంతో వచ్చి పడ్డాడు, ఆ ఎదురుదాడిలోనే ప్రాణం వదిలాడు. అదే అదనులో కెల్లర్‌మాన్ నాలుగు వందల చిల్లర గుర్రాలతో జాక్ దళాన్ని పక్కనుంచి కొట్టాడు. జాకే దొరికిపోయాడు! నెపోలియన్ ముక్తసరిగా మెచ్చుకుంటే, మీ నెత్తిన కిరీటం పెట్టింది ఆ దాడేనని కెల్లర్‌మాన్ అన్నాడని చెప్పుకుంటారు. తండ్రిలా మార్షల్ మాత్రం కాలేదు. స్పెయిన్‌లో దోచుకున్నాడన్న చెడ్డపేరూ ఉందనుకోండి, పోనీ ఆ పేరైనా సరైన మనిషికే రావాలి కదా.

సినిమా తారల పేరులో ఒక్క ఒత్తు తప్పితే మర్నాడు బాక్స్ కట్టి మరీ చింతిస్తారు. చరిత్ర తప్పితే అడిగేవాడు లేడు. ఫోన్ చేస్తే డెస్క్‌కు కలుపుతామన్నారు, పావుగంట పాట వినిపించారు. ఒకప్పుడు ప్రూఫులు దిద్దేవాళ్లని ఉండేవారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఏది కనబడితే అది ఎత్తి అచ్చేయడమే. పోటీపరీక్షల కీలూ ఇలాగే తగలడ్డాయి.

మా మనవడు మీ వ్యాసం కత్తిరించి స్కూలు ప్రాజెక్టులో అతికించాడు. పదికి పది వేశారు.

– ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు, తెనాలి